అయిదు తీగలు, ఆరో పెట్టె

1
ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు రోజులు. గాలి పడమర నుంచి, గట్టిగా.

పెట్టెలకు కరెంటిచ్చే సప్లై ఫ్యాను విప్పి తుడిచాను. దోసెడు ఎర్రమన్ను వచ్చింది. అయిదు ఇళ్ళ కంప్యూటరు పెట్టెలూ నడుస్తున్నాయి.

ఓబులేసన్న వచ్చాడు. మేకలను బయట నిలిపి, గాలిమర కాలికి ఉన్న తలుపులో తల వంచి లోపలికి తొంగిచూశాడు. ఈ గది గాలిమర కాలి లోపలే ఉంటుంది. ఇనుప గోడ, గుండ్రంగా.

"ఏమిరా సుంకా, ఈ తూరన్నా పలుకుతాదా నా పెట్టె?"

"పలుకుతాది అన్నా."

"చీమలకు దాంట్లో ఏం రుచి దొరికిందో. నువ్వేమన్నా బెల్లం పెట్టినావా లోపల?"

నేను నవ్వాను. ఆయన గోడకున్న తన గూటి తెర ఎత్తి పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉందన్నాడు. ఎవరి గూటి తెర వాళ్ళే ఎత్తాలి. పక్కవాళ్ళ తెర ముట్టుకోవడం మా గాలిదిన్నెలో లేదు.

ఈ కార్తె వచ్చిన రోజు ఆయన పెట్టెలో చీమలు దూరి ఆగిపోయింది. కార్తె మారిన ప్రతిసారీ మధ్యాహ్నం పైపువాళ్ళు పెట్టెలను పిలుస్తారు, ఆ పిలుపుకు పలకలేదు. ఒక పిలుపు తప్పితే ఊరుకుంటారు. వరసగా రెండోది కూడా తప్పితే, నీళ్ళ పైపు మీద నుంచి ఆ ఇంటి పేరు కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కదు. అందుకని రోజూ వచ్చి చూసుకుంటున్నాడు.

2
గాలి అదే.

ఎర్రగుట్ట మీది గాలిమర కూలిందని విన్నాము. ఈ రోజు అక్కడి మనిషి ఒకామె వచ్చింది. పేరు మాబున్నీ. నెత్తి మీద బొంతలో చుట్టిన పెట్టె. వెనక కోడలు, కోడలి చేతిలో పురిటి బిడ్డ. బిడ్డ పుట్టి వారం కూడా కాలేదట.

నేను బయట తీగకు టేపు చుడుతున్నాను. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. గాలిమర నీడలో కూర్చుని పైకి చూసింది.

"మాదీ ఇంతే ఉండె. అడ్డంగా పడినాక తెలిసింది ఎంత పొడుగో."

మారెక్క నీళ్ళు తెచ్చిచ్చింది. మారెక్క మా అయిదు ఇళ్ళలో పెద్ద నోరు. సంగతి అంతా ఆమే అడిగింది. గాలిమర కింద పడి మాబున్నీ వాళ్ళ సప్లై నలిగిపోయింది. పెట్టె ఒకటి దక్కింది. సప్లై లేక, పోయిన పిలుపుకు పెట్టె పలకలేదు. ఇంక ఈ కార్తె మారేలోగా ఎక్కడో ఒకచోట దాన్ని నడిపించాలి. లేకపోతే పేరు పోతుంది. పెట్టె లెక్కలు చేసి అంకెలు తవ్వి పంపితేనే పైపువాళ్ళు నీళ్ళు వదులుతారు. పేరు లేని ఇంటికి పెట్టె ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"మీ కాడ ఎన్ని సప్లైలు ఉండాయి?" అంది మాబున్నీ.

"ఒకటే," అన్నాను.

"ఎన్ని పెట్టెలు?"

"అయిదు."

"మరి ఆరోది మోస్తాదా?"

నేను చెప్పబోయాను. మారెక్క చెప్పనివ్వలేదు.

"మోస్తాది! ఏల మోయదు? నిప్పు అడిగితే, మజ్జిగ అడిగితే, కరెంటు అడిగితే లేదనే మాట మా దిన్నెలో లేదమ్మా. ఏం సుంకన్నా, నేను చెప్పేది నిజమేనా?"

అవునన్నాను. ఆ మాట నిజమే. మోసేది మాత్రం మారెక్క కాదు.

3
గాలి కొంచెం తగ్గింది.

ఈ సప్లై పాత కంప్యూటర్లలో వచ్చిన ఎస్‌ఎంపీఎస్. దిన్నెలో మిగిలింది ఇదే. కొత్తవి చేసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. పచ్చ వైరును నల్ల వైరుతో కలిపి తీగముక్క గుచ్చితే లేస్తుంది. తీస్తే పడుకుంటుంది. దీని నుంచి లావు తీగలు అయిదు బయటికి వస్తాయి, అయిదు గూళ్ళకు పోతాయి. ఒక తీగకు ఒక పెట్టె. ఇదే లెక్కన ఇన్నాళ్ళూ నడిచింది.

లావు తీగలు కాక సన్న తీగ ఒకటి ఉంది. దాని మూతి బల్లపరుపుగా ఉంటుంది. వెనకట డిస్కులకు పెట్టేవాళ్ళు. దాని మూతికి వేరే మూతి అతికించి మాబున్నీ పెట్టెకు పెట్టాను. ఆమె బొటనవేలు ఆనించింది. పెట్టె లేచింది. ఇంటి మనిషి వేలు ఆనితే తప్ప ఏ పెట్టె లేవదు.

ఆమె నేల మీద కూర్చుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇద్దరం ఆ మూతిని చూస్తూ ఉన్నాము.

"అన్నా, ఏందో మాడుతాండాది."

నాకు వాసన అప్పటికి రాలేదు. ముట్టుకుంటే వేలు కాలింది. పీకేశాను. తెల్లగా ఉండే మూతి బెల్లం రంగుకు తిరిగి, ఒక పక్క కరిగి వంగిపోయింది.

"పెద్ద ఎద్దుకు మేకపిల్ల పలుపు కట్టినట్టుంది," అంది ఆమె.

పెట్టెను మళ్ళీ బొంతలో చుట్టింది.

4
గాలి గట్టిగా.

ఈ రోజు నా తీగకే రెండు మూతులు కట్టి, నా పెట్టె, ఆమె పెట్టె కలిపి పెట్టాను. ఆమె వేలు ఆనించిందో లేదో సప్లై టక్కుమని ఆగింది. ఆరూ పోయాయి.

మళ్ళీ ఒక్కొక్క ఇంటివాళ్ళనూ పిలుచుకురావాల్సి వచ్చింది. మారెక్క పిండి చేతులతో వచ్చింది. పెద్దన్న, చిన్నన్న అన్నదమ్ములు, పక్కపక్క ఇళ్ళు. ఇద్దరూ పని ఆపి వచ్చారు. ఓబులేసన్న వాలు మీద నుంచి దిగి వచ్చాడు. అందరూ వేళ్ళు ఆనించారు. అయిదు పెట్టెలూ లేచాయి. ఆరోది పెట్టలేదు.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ పెట్టె ఎక్కడ ఆగిందమ్మా?" అని ఓబులేసన్న మాబున్నీని అడిగాడు.

"పోయిన పిలుపు కాడ."

"నాదీ అంతే. నాది చీమలు తినె, నీది గాలి తినె. ఇద్దరిదీ ఒకే కత." నవ్వుకుంటూ వెళ్ళాడు.

5
గాలి అదే. దుమ్ము.

మాబున్నీ వాళ్ళు ఖాళీగా ఉన్న గోదాములో దిగారు. రోజూ పొద్దున వాళ్ళ గడప ముందర నిండు బిందె ఉంటుంది. ఒకరోజు రెండు. ఎవరు పెట్టారో కనబడదు. ఇచ్చేటప్పుడు కనబడకూడదు, ఇది ఇక్కడి పద్ధతి. కనబడితే తీసుకున్నవాళ్ళ మెడ వంగుతుంది. కృతజ్ఞత చెప్పించుకోవడం అంతకన్నా సిగ్గు.

ఆమెకు ఇది కొత్త.

"మీ ఊర్లో నీళ్ళు దయ్యాలు మోస్తాయా అన్నా? రాత్రి కాపు కాద్దామనుకుంటి, నిద్రొచ్చె. ఎవరిదో చెప్తే బిందెన్నా తోమి ఇస్తా కదా!"

"తోమి గడప ముందర పెట్టు. పోతుంది."

"ఎవరింటికి?"

"పోతుంది."

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

ఇచ్చే పద్ధతి ఇది. అడిగే పద్ధతి వేరే ఉంది. అడిగితే లేదనకూడదు కాబట్టి, అడగడమంటే గుంజుకోవడమే. ఎవరూ నోరు తెరిచి అడగరు. ఆరు పేర్లు ఉన్నాయి, అయిదు తీగలు ఉన్నాయి. ఈ పిలుపుకు ఒకరు ఆగితే, వచ్చే పిలుపుకు ఇంకొకరు ఆగవచ్చు. ఎవరికీ వరసగా రెండు తప్పవు. ఇది అందరినీ కూర్చోబెట్టి చెప్తే సరిపోతుంది. చెప్తే అడిగినట్టు అవుతుంది. పైగా నాకు పదిమంది ముందర నోరు పెగలదు. మారెక్క అంటుంది, సుంకన్న నోట్లో నుంచి మాట రావాలంటే గాలి ఆగాలని.

నేను చెప్పలేదు.

6
కార్తె రేపు మారుతుంది. గాలి గట్టిగా.

మాబున్నీ ఈ రోజు రాలేదు. కోడలికి జ్వరం అని మారెక్క చెప్పింది. బిడ్డకు పాలు చాలడం లేదట.

"నీళ్ళు సరిగ్గా తాగితే కదా పాలు," అంది మారెక్క. "ఎన్ని దినాలు బిందెలతో? పేరు పోతే ఇంక జన్మంతా బిందెలేనా?"

చెప్పి వేరే పక్కకు తిరిగింది. నేనూ ఆమె మొహం చూడలేదు.

సాయంత్రం గదికి పోయి నా గూటి తెర ఎత్తాను. నా పెట్టె తీగ పీకాను. పెట్టెను తీసి బల్ల కింద పెట్టాను. గూడు ఖాళీ చేశాను. నాకు ఒక పిలుపే తప్పుతుంది. తప్పితే ఊరుకుంటారు.

మిగతా నాలుగు తెరలు వాటి చోట వాటివి ఉన్నాయి. సప్లై ఫ్యాను తిరుగుతోంది. పైన గాలిమర రెక్కల మోతకు పెట్టెల శబ్దం ఎటూ వినబడదు. తలుపు వేసి వచ్చాను.

7
పునర్వసు కార్తె వచ్చే రోజు. గాలి పడమర నుంచి, బాగా గట్టిగా.

పొద్దున మాబున్నీని పిలిచాను. పెట్టె తీసుకుని వచ్చింది. నా గూడు చూపించాను.

"ఇది నీది కదా?"

"ఈ రోజు నీది."

"నీ పెట్టె ఏది?"

"ఉందిలే."

బల్ల కింద చూసింది. తన పెట్టెను గూట్లో పెట్టి, తీగ కలిపి, వేలు ఆనించింది. దీపం వెలగలేదు.

చూస్తే సప్లై ఫ్యాను ఆగి ఉంది. తీగముక్క తీసి మళ్ళీ గుచ్చాను. తిరిగింది. ఆమె వేలు ఆనించింది. దీపం వెలిగి, మూడు ఊపిర్లు కాకముందే సప్లై మళ్ళీ ఆగింది. ఇట్లా చాలాసార్లు చేశాము. ఒకటి తీసి ఒకటి పెట్టాను. అయిదుకు అయిదే. ఎందుకు మోయడం లేదు? సప్లై పోయిందనుకున్నాను. ఇది పోతే ఆరు పేర్లూ పోయినట్టే. మెల్లగా పోతాయి, అంతే.

మాబున్నీ సప్లై మీద అరచెయ్యి పెట్టింది.

"అన్నా, ఇది చల్లగుండాది."

"ఆగింది కదా."

"కాదు. రాత్రంతా మోసింది ఇంత చల్లగుంటాదా? ఇది చాలాసేపటి నుంచి ఏమీ మోయట్లేదు."

నేనూ చెయ్యి పెట్టి చూశాను.

"మా గుట్ట మీది సప్లైకి ఈ గుణం ఉండె. ఎక్కువ పెట్టినా పడుకుంటాది, మరీ తక్కువ పెట్టినా పడుకుంటాది. దానికి మూడు పెట్టెల బరువన్నా ఉండాల. నా ఒక్కదానికి నిలబడదు. మిగతా నాలుగూ చూడు."

"పక్కవాళ్ళ తెర ఎత్తకూడదు."

"నేను మీ ఊరిదాన్ని కాదు కదా," అంటూ మారెక్క గూటి తెర ఎత్తింది.

పెట్టె ఉంది. తీగ పీకి పక్కన వేలాడుతోంది.

పెద్దన్న తెర ఎత్తింది. అంతే. చిన్నన్న తెర. అంతే. ఓబులేసన్న తెర. ఆయన తీగను పీకడమే కాకుండా చక్కగా చుట్ట చుట్టి పెట్టె మీద పెట్టాడు.

అందరికీ ఒకే బుద్ధి పుట్టింది. ఒక్కొక్కరూ విడిగా వచ్చి, తమ తెర మాత్రం ఎత్తి, తమ తీగ మాత్రం పీకి, ఎవరికీ కనబడకుండా వెళ్ళారు.

మాబున్నీ నేల మీద కూర్చుండిపోయింది.

"యా అల్లా. ఊరు ఊరంతా ఒకే రకం పిచ్చోళ్ళా!"

తర్వాత ఓబులేసన్న గూటి వైపు చూసింది. లేచి నిలబడింది.

"ఈయప్పకు పోయిన పిలుపు కూడా తప్పింది కదా? ఈయప్ప పేరు పోతాది కదన్నా ఈ పొద్దు!"

"అవును."

"ఆ నీళ్ళు నా కోడలు తాగుతాదా? యాడుండాడు ఆయప్ప?"

బయటికి వచ్చాము. పొద్దు బాగా ఎక్కింది. మారెక్క, అన్నదమ్ములు గాలిమర దగ్గరకే వస్తున్నారు, పిలుపు వినడానికి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మాబున్నీ జరిగింది చెప్పింది. దాచలేదు, నెమ్మదిగానూ చెప్పలేదు. పెద్దన్న తల గోక్కున్నాడు. చిన్నన్న అన్న వైపు చూశాడు.

"నువ్వు కూడానా?"

"నువ్వెప్పుడు పీకినావు రా?"

"సంగటి తిన్నాక."

"నేను తినకముందు."

మారెక్క మాత్రం దొంగతనం చేస్తూ దొరికినట్టు ఎర్రబడింది. "నాది వదులైంటుంది. నేనేం పీకలేదు," అంది.

ముగ్గురూ లోపలికి పోయి తీగలు పెట్టి వేళ్ళు ఆనించారు. సప్లై నిలబడింది. మాబున్నీది వెలిగి అట్లాగే ఉంది. నాలుగు నడుస్తున్నాయి. అయిదో తీగ ఓబులేసన్నది. ఆయన వేలు కావాలి.

ఆయన దూరంగా వాలు మీద ఉన్నాడు. రోజూ మేపే చోటు కాదు, చాలా దూరం. ఈ రోజు దిన్నెలో కనబడకూడదని పోయాడు. చిన్నన్న పరుగెత్తాడు. వెనక పెద్దన్న. వాళ్ళ వెనక మారెక్క కొంగు బిగించి.

ఓబులేసన్న తల తిప్పి చూశాడు. తన వైపే ముగ్గురు పరుగెత్తి వస్తున్నారు. మేకలను అదిలించి ఇంకా పైకి నడిచాడు. చిన్నన్న చేతులు ఊపాడు. ఆయన నడక పరుగు అయింది.

"ఏల ఉరుకుతాండాడు ఆయప్ప?" అంది మాబున్నీ.

"దండం పెట్టడానికి వస్తున్నారనుకున్నాడు."

"ఏందీ?"

"తీగ పీకిన సంగతి తెలిసిపోయిందని, మంచిమాట చెప్పడానికి వస్తున్నారని."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత వాలు వైపు చూసింది. ఓబులేసన్నకు డెబ్బై దాటాయి. కొండ మేకలతో తిరిగిన కాళ్ళు. చిన్నన్న దూరం తగ్గడం లేదు.

"పిలువన్నా! నిజం చెప్పు, గట్టిగా అరువు!"

"ఓబులేసన్నా, దిగి రా!" అన్నాను. నాకే సరిగ్గా వినబడలేదు.

"ఇట్లనా పిలిచేది? గొంతెత్తు!"

గట్టిగా అరిచాను. గాలి నా వెనక నుంచి ఆయన వైపు వీస్తోంది. వినబడింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దు వద్దు అన్నట్టు. ఇంకా పైకి పోయాడు. మర్యాదగా పిలిచే కొద్దీ ఆయన పరుగెత్తుతాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది.

అప్పుడు నాకు ఒకటే తోచింది. మంచిమాట కాదని ఆయనకు తెలియాలి. గాలిమర మెట్టు ఎక్కి నిలబడ్డాను.

"ఒరే ఓబులేసూ!"

మారెక్క పరుగు ఆపి వెనక్కి తిరిగింది. ఆయన నాకన్నా పెద్ద. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అన్నా అనే పిలిచాను.

"ఒరే మేకల దొంగా! నా మేకను కోసుకుని తింటివి కదరా! దిగి రారా, మొహం చూపించు!"

నాకు మేకలు లేవు. ఎప్పుడూ లేవు.

ఓబులేసన్న ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇంత దూరం నుంచి కూడా ఆయన నడుము నిటారుగా కావడం కనబడింది. కట్టె పైకి ఎత్తాడు. దిగాడు. పైకి పోయిన దానికన్నా వేగంగా దిగాడు. ఎదురుగా వచ్చిన అన్నదమ్ములను తోసుకుంటూ వచ్చాడు. మారెక్కను చూడనే లేదు.

"ఎవడ్రా దొంగ? ఏ మేక? ఏ మేకరా నీది?"

నేను మెట్టు దిగి గదిలోకి వెళ్ళాను. ఆయన కట్టెతో నా వెనకే వచ్చాడు. తలుపు చిన్నది, వంగాలి కాబట్టి కట్టె ఆడలేదు. మాబున్నీ అప్పటికే ఆయన తీగ విప్పి పెట్టెకు కలిపి ఉంచింది. ఆయన తెర ఎత్తి ఉండడం చూసి ఓబులేసన్న ఆగాడు.

"నా తెర ఎవరు ఎత్తినారు?"

"నేనే," అంది మాబున్నీ. "వేలు పెట్టు."

"ఏల పెట్టాల?"

"జాగా ఉండాది. ఆయన్న పెట్టె బల్ల కింద ఉండాది చూడు. వేలు పెట్టి తర్వాత కొట్టు."

ఆయన బల్ల కింద చూశాడు. నన్ను చూశాడు. ఊపిరి ఆడక రొప్పుతున్నాడు. బొటనవేలు ఆనించాడు. పెట్టె లేచింది. సప్లై ఫ్యాను గొంతు ఒక మెట్టు పెరిగింది, నిలబడింది. అయిదు తీగలూ ఒక్కొక్కటే పట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయి. కాలడం లేదు.

అందరం బయట పైపు దగ్గర నిలబడ్డాము. పైపు మొదట్లో కట్టిన స్పీకరు కొమ్ములో గరగర వచ్చింది. పలికిన పేర్లు అదే చదువుతుంది. మారెక్క. పెద్దన్న. చిన్నన్న. తర్వాత నా పేరు ఉండాలి, లేదు. అది దాటి ఓబులేసు అంది. తర్వాత ఆగింది. చాలాసేపు ఆగినట్టు అనిపించింది. కోడలు బిడ్డను ఎత్తుకుని గోదాము వాకిట్లోకి వచ్చి నిలబడింది.

మాబున్నీ, అంది కొమ్ము.

కోడలు అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. మాబున్నీ కొంగుతో మొహం తుడుచుకుని, అందరి వైపూ తిరిగి నోరు తెరిచింది. మారెక్క గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా, ఆ మాట అనొద్దు. మళ్ళీ ఉరికిపోతాడు ఆ ముసలాయప్ప. నాకు పట్టుకునే ఓపిక లేదు."

8
అదే రోజు, సాయంత్రం. గాలి తగ్గలేదు.

వచ్చే పిలుపుకు ఎవరి పెట్టె ఆగాలో మాట్లాడుకున్నాము. నేనేం అడగలేదు. పెద్దన్నే తనది అన్నాడు. తర్వాత చిన్నన్నది. వరస కుదిరింది. అందరూ లేచారు. ఓబులేసన్న లేవలేదు. కట్టె అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నా సంగతి ఏమైంది?" అన్నాడు.

"ఏ సంగతి అన్నా?"

"ఊరంతా ఇన్నారు నేను దొంగనని. ఆ మెట్టు మీద నిలబడి అరిస్తివి. ఆ మెట్టు మీదే నిలబడి కాదని అరువు."

"అందరూ ఇక్కడే ఉన్నారు కదా. ఇప్పుడే చెప్తాను."

"అరిచింది ఎట్లనో కాదనేది కూడా అట్లనే."

నాకు పొద్దున అరవడం ఎట్లా వచ్చిందో తెలియలేదు. ఇప్పుడు రాలేదు. మెట్టు ఎక్కాను. కింద అయిదుగురు తలలు ఎత్తి చూస్తున్నారు.

"ఓబులేసన్న దొంగ కాదు," అన్నాను.

"ఇనబళ్ళేదు," అన్నాడు ఆయన.

"ఓబులేసన్న దొంగ కాదు!"

"మేక సంగతి?" అంది మారెక్క.

"నాకు మేక లేదు!"

"ఇంకా గట్టిగా," అన్నాడు ఓబులేసన్న. "వాలు మీదికి ఇనబడాల. పొద్దున అంత దూరం ఇనబడె."

నా గొంతు పోయింది. గాలి మింగేసింది. అప్పుడు మాబున్నీ మెట్టు ఎక్కింది, నా పక్కన చోటు లేకపోయినా. రెండు చేతులూ నోటికి ఇటూ అటూ పెట్టుకుంది.

"ఓబులేసన్న దొంగ కాదూ!" అని అరిచింది. "ఓబులేసన్న పెద్ద మనిషీ! ఓబులేసన్న బంగారం అసుంటి మనిషీ!"

మారెక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఆపలేదు. వాలు మీదికి, రోడ్డు మీదికి, ఎర్రగుట్ట వైపుకు, అన్ని పక్కలకూ తిరిగి ఆయన పేరు అరిచింది. అడిగింది ఆయనే కాబట్టి ఓబులేసన్న లేచి పోవడానికి వీల్లేదు. తల వంచుకుని, చెవులు ఎర్రబడి, ఆమె అయ్యేదాకా కూర్చున్నాడు.